నూరు బారల తాడు

మా నాయన పేనిన తాడు ఒకటి మద్రాసులో ఒక కాలేజీ లైబ్రరీ బీరువాలో ఉందని నాకు పత్రిక చదివితే తెలిసింది. స్వరాజ్యం ఇంక రెండు నెలల్లో వస్తుందని అందరూ చెప్పుకుంటున్న రోజులు. మా మిషను బడికి ఆ పత్రిక ఒకరోజు ఆలస్యంగా వచ్చేది. మూడో పేజీలో అడుగున చిన్న వార్త. పక్షులు గాలిలో ఎలా ఎగురుతాయో ముప్పై ఏళ్ళు పరిశోధించి పోయిన ఏడు చనిపోయిన ప్రొఫెసరు గారి కాగితాలను ఆయన ఇంటివాళ్ళు కాలేజీకి ఇచ్చారట. పదకొండు పెట్టెలయ్యాయట. ఆయన వాడిన గడియారమూ, దుర్భిణీ, ఒక పల్లెటూరి తోలుపనివాడు ఆయనను మోసగించి అమ్మిన పొట్టి తాడూ కూడా అక్కడ చూడవచ్చునట.

అప్పుడు పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. పన్నెండో ఎక్కం మధ్యలో ఆపించి వాళ్ళను బయటికి పంపేశాను. కోపం వస్తే నాకు చెవులు కాలిపోతాయి, గొంతు మాత్రం సన్నబడుతుంది. ఆ గొంతుతో పిల్లలకు ఏమీ చెప్పకూడదని నాకు తెలుసు. పత్రికను నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుని, హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్ళి మూడు రోజులు సెలవు అడిగాను. కారణం అడిగితే, "మా నాయన తాడు చూసి రావాలి సార్" అన్నాను. ఆయనకు ఆ కథంతా తెలుసు. సంతకం పెట్టేశాడు.

ఆ తోలుపనివాడు మా నాయన. మాది ఎర్రగుంట్ల స్టేషనుకు రెండు కోసుల దూరంలో నల్లరేగడి పల్లె. మా తాత కాలంలోనే మావాళ్ళు చర్చిలో కలిశారు. కలిసినంత మాత్రాన పని మారలేదు. ఊళ్ళో గొడ్డు చస్తే ఊరి బయట బయలులోకి లాక్కుపోయి తోలు ఒలిచేది మా నాయనే. ఆ తోలుతో బావి నీళ్ళు తోడే కపిలకు బాన కుట్టేదీ, నీళ్ళు నిండిన ఆ బానను ఎద్దులు బావిలోంచి లాగడానికి మోకు పేనేదీ ఆయనే. కిత్తనార మోకు, మనిషి మణికట్టంత లావు. చుట్టుపక్కల ఏడెనిమిది పల్లెల బావుల్లో ఆయన మోకులే ఉండేవి.

మోకు కొలిచే పద్ధతి ఒకటుంది మా వైపు. పేనినవాడు కొలవకూడదు. ఎవరి బావికో ఆ రైతే వచ్చి తాడు కొస పట్టుకుని రెండు చేతులూ బార్లా చాపాలి. ఈ చేతి నడిమి వేలి నుంచి ఆ చేతి నడిమి వేలి దాకా ఒక బార. తన బావి లోతు కూడా అతను ఆ చేతులతోనే కొలుచుకుని ఉంటాడు గనక, పొట్టివాడైనా పొడుగువాడైనా తాడు అతని బావికి సరిగ్గా సరిపోతుంది. బార బారకూ నాయన ఎర్ర నూలు ముడి వేసేవాడు. బేరం దగ్గర ఎంతైనా మాట్లాడేవాడు గానీ కొలత దగ్గర ఒకటే మాట. "చాపప్పా" అనేవాడు, అంతే.

ప్రొఫెసరు గారు మొదట మా ఊరు వచ్చినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. కడపలో ట్రైనింగు ముగించుకుని మా ఊరి బడిలోనే చేరాను. ఆయన రాబందుల కోసం వచ్చాడు. నాయన గొడ్డును ఒలవడం మొదలుపెట్టాడంటే ఎర్రమల కొండ చరియల మీది నుంచి రాబందులు బయలుదేరేవి. రెక్క ఆడించకుండా, ఎవరో గీత గీసినట్టు ఒకటే దారిన, ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. రెక్క కదపని పక్షి ఎంత వేగంగా పోతుందో కొలవాలన్నది ఆయన పని. అందుకు ఇంతకంటే మంచి చోటు తనకు దేశంలో దొరకలేదని ఆయనే అన్నాడు.

ఆయన ఆరడుగుల మనిషి. తెలుగువాడే, కృష్ణా జిల్లా వైపు. వెంట ఒక బంట్రోతు ఉండేవాడు. అతను జమ్మలమడుగు పక్కవాడు, ప్రొఫెసరు గారి భుజం దాకా కూడా రాడు. గొడుగు పట్టాలంటే చెయ్యంతా పైకి చాచి మునివేళ్ళ మీద నడిచేవాడు. గాలి కొంచెం వీచిందంటే గొడుగు అంచు ప్రొఫెసరు గారి తలపాగాకు తగిలేది, ఆయన విసుక్కునేవాడు. లెక్కలు రాసుకోవడానికి ఇంగ్లీషు వచ్చినవాళ్ళు కావాలంటే మా పాస్టరు గారు నన్ను పంపారు. "కొంచెం ఎడంగా నిలబడమ్మా, గాలి అటు నుంచి వస్తోంది" అన్నాడు ప్రొఫెసరు గారు మొదటిరోజే. గాలి ఆయన వైపు నుంచే వస్తోంది.

వారం రోజులు మూడు కాళ్ళ పీట మీద ఒక ఇత్తడి పరికరం పెట్టి ఆకాశం వంక చూశాడు. ఏమీ తేలలేదు. పక్షి ఎంత ఎత్తులో ఉందో తెలియకపోతే ఎంత దూరం పోయిందో తెలియదు. ఎనిమిదోరోజు మా నాయన కత్తి నూరుకుంటూ అన్నాడు.

"పైన జూస్తాంటే మెడ నొచ్చేది తప్ప ఏముండాది సామీ. కింద జూడు. దాని నీడ పోతాండాది గదా. మిట్టమధ్యాన్నం నీడ పక్షికి ముందరా పోదు, యనకా పడదు."

ప్రొఫెసరు గారు నేల వంక చూశాడు. పంట కోసిన రేగడి చేను మీద రాబందు నీడ జారిపోతోంది. ఆ నీడ చేను దాటేదాకా చూస్తూనే ఉన్నాడు. తరువాత నా దగ్గరికి వచ్చి, "మీ నాన్నను ఒక తాడు పేనమను. నూరు బారలు. చేనులో పరచాలి" అన్నాడు. ఆ నీడ తాడు ఈ కొస దాటినప్పటి నుంచి ఆ కొస దాటేదాకా గడియారంతో కొలిస్తే వేగం తేలిపోతుంది. అంత సులువైన పని అది.

నాయన నాలుగు రోజుల్లో సన్నటి తాడు పేని, భుజాన వేసుకుని ప్రొఫెసరు గారు దిగిన బంగళాకు తెచ్చాడు. నేనూ ఉన్నాను. తాడు కొస పట్టుకుని, "చేతులు చాపండి సామీ" అన్నాడు. ప్రొఫెసరు గారికి అర్థం కాలేదు. తాడు కొనేవాళ్ళ చేతులతోనే కొలవడం మా పద్ధతి అని నేను చెప్పాను. ఆయన సంతోషించాడు కూడా. "బాగుందే" అని నోటుపుస్తకం తీసి రాసుకున్నాడు. తరువాత తాడు వంక చూశాడు. తాడు పట్టుకున్న మా నాయన చేతుల వంక చూశాడు. ఆ పొద్దున్నే ఒక ఎనుమును ఒలిచి వచ్చిన చేతులవి. ఎంత కడుక్కున్నా ఆ వాసన పోదు. పోయినా ఆయన పట్టుకునేవాడు కాదని నాకు తెలుసు.

"నువ్వు చాపరా" అన్నాడు బంట్రోతుతో.

"ఈయప్ప చాపితే ఈయప్ప కొలత వస్తాది సామీ. మీరు చాపితేనే మీ లెక్క" అన్నాడు నాయన.

"ఎవరైతే ఏమిటోయ్. కానియ్యి."

బంట్రోతు గొడుగు గోడకు ఆనించి నూరుసార్లు చేతులు చాపాడు. నాయన నూరు ముళ్ళు వేసి, మిగిలిన తాడు కోసేశాడు. నేను పుస్తకంలో 'తాడు, నూరు బారలు' అని రాశాను. ఎవరి బారలో రాయలేదు. అది నా తప్పు. ముందు ముందు ఇంకొకరి తప్పులు చాలా చెప్పబోతున్నాను గనక నాది ఇక్కడే చెప్పేస్తున్నాను.

మద్రాసుకు తిరిగి వెళ్ళేరోజు ప్రొఫెసరు గారు బంగళా గోడకు వీపు ఆనించి, చేతులు చాపి, తన బార ఎంతో కొలిపించుకున్నాడు. బంగళా కాపరి చెప్పాడు నాకు. సరిగ్గా ఆరడుగులు. గోడ మీద ఆ రెండు బొగ్గు గీతలు చాలాకాలం ఉండేవి. మద్రాసులో కూర్చుని నూరును ఆరుతో హెచ్చించాడు. ఆ పొద్దు చేతులు చాపింది తాను కాదన్న సంగతి అప్పటికి మరిచిపోయి ఉంటాడు. అది పొరపాటే. అక్కడి దాకా నేనూ ఒప్పుకుంటాను.

మూడేళ్ళు, ఎండాకాలం వచ్చిందంటే ఆయన వచ్చేవాడు. నీడ దాటగానే నేను ఒక కొసన గుడ్డ ఊపేదాన్ని, రెండో కొసన బంట్రోతు ఊపేవాడు, ఆయన గడియారం నొక్కేవాడు. నూట నలభై రాబందుల నీడలు నా చేతి రాతలో ఉన్నాయి. ఆ లెక్కల మీద ఆయన పుస్తకం అచ్చయింది. ఇంగ్లండుకు పిలిచి ఉపన్యాసం ఇప్పించారు. తిరిగి వచ్చాక పేరు ముందు బిరుదు చేరింది. పత్రికలో బొమ్మ వేసి ఆయన మాటలు రాశారు. ఒక మధ్యాహ్నం నేల మీద నీడ కదలడం చూసి ఆ ఉపాయం తనకు తట్టిందట. నాయనకు చదివి వినిపించాను.

"తట్టినిలే పాపా. ఎవరికో ఒకరికి తట్టింది గదా" అన్నాడు.

మా నాయన మంచివాడు. నేను ఆయన అంత మంచిదాన్ని కాను. ఆ పేజీ చించి పొయ్యిలో పెట్టాను.

యుద్ధం మొదలైన ఏడు ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి వెంట ఆ తాడూ, ఒక ఉక్కు టేపూ తెచ్చాడు. ఎవరో పైదేశం పండితుడు అదే జాతి పక్షిని కొలిచి, నీ లెక్కలో వేగం మరీ ఎక్కువగా ఉంది, నీ కొలబద్ద ఏమిటో చూసుకో అని రాశాడట. ప్రొఫెసరు గారు నేరుగా మా ఇంటికి రాలేదు. ఊరి చావిడికి వెళ్ళాడు. పెద్దరెడ్డినీ కరణాన్నీ కూర్చోబెట్టి, నాయనకు కబురు పంపి, అందరి ఎదుటా తాడు పరిపించి టేపుతో కొలిపించాడు.

"ఆరొందల అడుగులుండాలి. ఐదొందలే ఉంది" అన్నాడు. "నన్నెందుకు మోసం చేశావోయ్?"

నాయన తాడు కొస చేతిలోకి తీసుకుని చూశాడు. తరువాత అడిగాడు.

"బార ఎవరిది సామీ?"

"బార అంటే ఆరడుగులు. ఎవరిదైతే ఏమిటి?"

నాయన బంట్రోతు వంక చూశాడు. బంట్రోతు గొడుగు పట్టుకుని నేల వంక చూస్తున్నాడు. నేను బడి వదిలేసి పరిగెత్తుకుంటూ వచ్చాను. జరిగింది జరిగినట్టు ఇంగ్లీషులో చెప్పాను, అందరికీ తెలిసేటట్టు మళ్ళీ తెలుగులో చెప్పాను. ప్రొఫెసరు గారు నన్ను చూసి మెత్తగా నవ్వాడు. "అమ్మాయీ, తండ్రి మీద అభిమానం ఉండడం సహజమే" అన్నాడు. ఆయన తిట్టినా నాకు అంత మండేది కాదు.

ఆయన సంగతి సరే, మద్రాసు మనిషి. పెద్దరెడ్డికి ఏమొచ్చింది? ఇరవై ఏళ్ళుగా మా ఇంటి ముందు నిలబడి తన చేతులతో తానే కొలుచుకుని ఆరేడు మోకులు తీసుకుపోయినవాడు. తాడు పొట్టిదైతే ఆ లోపం కొలుచుకున్నవాడి చేతుల్లోనే ఉంటుందని చావిడిలో ఆయన కంటే బాగా తెలిసినవాడు లేడు.

"అంత సదువుకున్న పెద్దమనిసి ఈడిదాకా వచ్చి అబద్దం జెప్తాడా?" అన్నాడు రెడ్డి. "తప్పయిపాయ సామీ అని ఒక మాట అనుప్పా. పోతాది."

నాయన అనలేదు. తాడు చుట్టి ప్రొఫెసరు గారి కాళ్ళ దగ్గర పెట్టి ఇంటికి వచ్చేశాడు.

ఆ తరువాత ఊళ్ళో ఎవరూ నాయనను మోసగాడని మొహాన అనలేదు. మనకెందుకొచ్చిన గొడవ అనుకుని ప్రొద్దుటూరు శెట్టి అంగడిలో మోకులు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. బానలు మాత్రం నాయన దగ్గరే కుట్టించుకునేవాళ్ళు. బానకు బారలు లేవు గదా, దాంట్లో మోసం ఏముంటుందని కాబోలు. తాడు పేనే కొక్కెం గోడకు తగిలించేసి నాయన మళ్ళీ తియ్యలేదు. ప్రొఫెసరు గారికి నేను ఇంగ్లీషులో రెండు పేజీల ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఆయన మాత్రం తన లెక్కలన్నీ సవరించి కొత్త వ్యాసం అచ్చు వేయించాడు. తప్పు దొరికితే దాచుకోని నిజాయితీపరుడని అందరూ మెచ్చుకున్నారట. అది కూడా పత్రికలోనే చదివాను.

అందుకని మద్రాసు వెళ్ళాను. బండిలో రాత్రంతా కూర్చునే వెళ్ళాను. నాకు కావలసింది ఒక్కటే. తాడు కొలత సరైనదేనని ఆ కాలేజీ వాళ్ళ చేత కాగితం మీద రాయించుకుని రావాలి. నాయనకు డెబ్బై దగ్గర పడ్డాయి, కళ్ళకు పొరలు వచ్చాయి. ఆయన ఉండగానే ఆ కాగితం చావిడిలో చదవాలి.

లైబ్రేరియను నెల్లూరు వైపు కుర్రవాడు, మర్యాదస్థుడు. ప్రొఫెసరు గారి దగ్గర లెక్కలు రాసిన టీచరమ్మనని చెబితే కుర్చీ వేయించాడు. "పెట్టెలు తెచ్చి చూపించవయ్యా" అని ఎవరినో పిలిచాడు. వచ్చింది ఆ బంట్రోతే. తల నెరిసింది, ఎడమ భుజం వంగిపోయింది. ప్రొఫెసరు గారు పోయాక అతన్ని ఆ కాగితాలకే కాపలా పెట్టారు.

"నన్ను గుర్తు పట్టినావా అప్పా?" అన్నాను.

"పట్టినామ్మా."

"ఆ పొద్దు చావిడిలో నోరెందుకు ఇప్పల్య?"

"నౌకరీ పోతాదని భయపడితిని" అన్నాడు. పెట్టె మూత తీసి పక్కన నిలబడ్డాడు.

పెట్టెలు చాలా శుభ్రంగా ఉన్నాయి. ప్రతి కాగితానికీ అంకె వేసి ఉంది. మొదటి పెట్టెలో ఆయన రాబందుల పుస్తకాలు. తెరిస్తే నా చేతి రాతే. ఎవరు రాశారో ఎక్కడా లేదు. మూడో పెట్టెలో ఆయన దినచర్య. మా ఊరు వచ్చిన ఏడుది వెతికి తీశాను. తాడు కొలిచిన రోజు పేజీలో ఆయన చేత్తోనే ఇలా ఉంది: 'తాడువాడు నన్ను చేతులు చాపమన్నాడు. కొనేవాడి బారతో కొలవడం వీళ్ళ ఆచారం. వాడి చేతిలోది పట్టుకోవడానికి మనసొప్పక బంట్రోతును చాపమన్నాను.'

అక్కడితో ఆగి ఉంటే, రాసుకున్నది మరిచిపోయాడు పాపం అనుకుని వచ్చేసేదాన్నేమో. ఆరో పెట్టెలో ఆయన సవరణ వ్యాసం చిత్తు ప్రతి ఉంది. అందులో మొదట ఇలా రాశాడు: 'తాడు నా బారతో కాక నా బంట్రోతు బారతో కొలవబడిందని నా దినచర్య వలన తెలిసింది.' ఆ వాక్యాన్ని ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశాడు. పైన, వరుసల మధ్య, సన్నగా రాశాడు: 'తాడు అమ్మినవాడి మోసం వలన.' నా ఉత్తరం కూడా ఆ పక్కనే ఉంది. దానికీ అంకె వేశారు. మూలన ఎర్ర పెన్సిలుతో 'జవాబు అక్కర్లేదు' అని ఉంది.

అంటే చావిడి నుంచి మద్రాసు వెళ్ళాక ఆయన దినచర్య తీసి చూసుకున్నాడు. నిజం తెలుసుకున్నాడు. రాశాడు. కొట్టేశాడు. బంట్రోతు బారకూ తన బారకూ తేడా గమనించలేదని రాస్తే పండితులు నవ్వుతారు. తోలుపనివాడు మోసం చేశాడని రాస్తే ఎవరూ నవ్వరు, ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు. మా నాయన పరువు ఆయనకు ఒక వాక్యం ఖరీదు చెయ్యలేదు. నేను బల్ల మీద చేత్తో కొట్టానట. నాకు గుర్తులేదు, లైబ్రేరియను తరువాత చెప్పాడు.

"తాడు తీయించండి" అన్నాను.

బీరువాలోంచి తాడు తీసి వరండాలో పరిచారు. కొసకు ఒక అట్టముక్క కట్టి ఉంది, పత్రికలో వేసిన మాటలు దాని మీదివే. ఎర్ర నూలు ముళ్ళు వెలిసిపోయాయి గానీ ఒక్కటీ జారలేదు. బంట్రోతు ముందుకు తాడు కొస జరిపాను. మా నాయన అన్నట్టే అన్నాను.

"చాపప్పా."

అతను చాపాడు. ఎడమ చెయ్యి భుజం ఎత్తు దాకా లేవలేదు. లైబ్రేరియను వచ్చి ఆ మణికట్టు పట్టుకుని పైకెత్తాడు. వేలి కొస సరిగ్గా ముడి మీదికి వచ్చింది. రెండో బార, మూడో బార. ముడి ఎక్కడా తప్పలేదు. పది అయ్యాక, "సరిపోయిందమ్మా, తెలిసింది" అన్నాడు లైబ్రేరియను. నూరూ కొలవాలన్నాను. బంట్రోతుకు చెమటలు పట్టాయి, అరవై దగ్గర చేతులు వణికాయి. నేను ఆపమనలేదు. ఆ రోజు నాలో దయ లేదు, ఉందని రాస్తే అబద్ధమవుతుంది. నూరో బార తాడు కొసకు సరిపోయింది. అతను స్తంభానికి ఆనుకుని కూలబడి, "మీ నాయనకు చెప్పమ్మా" అన్నాడు. ఏం చెప్పాలో చెప్పలేదు. నేనూ అడగలేదు.

అట్టముక్క తీసేయమన్నాను. అది ప్రొఫెసరు గారు స్వయంగా రాసింది గనక తీసే అధికారం తనకు లేదన్నాడు లైబ్రేరియను. ఆయన అబద్ధానికి అంకె వేసి భద్రపరుస్తారు, మా నిజానికి మాత్రం అధికారం లేదు. నా మొహం చూసి అతను, ఇంకో అట్టముక్క కట్టడానికి అభ్యంతరం లేదని గబగబా అన్నాడు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాశాను: 'ఈ తాడు సరిగ్గా నూరు బారలు. బార ప్రొఫెసరు గారి బంట్రోతుది. చేతులు చాపమని అడిగితే ప్రొఫెసరు గారు చాపలేదు. ఆయన దినచర్య చూడండి.' అతను దాన్ని తాడుకు కట్టాడు. దినచర్యలోని మూడు వాక్యాలూ, కొట్టేసిన ఆ వాక్యమూ నకలు రాసి, కాలేజీ ముద్ర వేసి సంతకం పెట్టి ఇచ్చాడు. ఉద్యోగం వచ్చి ఏడాది కూడా కాలేదట. ఆ పని చేసినందుకు అతన్ని నేను మరిచిపోలేదు.

ఇంటికి వచ్చి నాయనకు చదివి వినిపించాను. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని విన్నాడు.

"నేను చాపమన్న్యానని ఆయప్పే రాసుకున్నాడా?"

"రాసుకున్నాడు నాయనా."

ఆయనకు కోపం రావడం నేను ఎప్పుడూ చూడలేదు, ఆ పొద్దు చూశాను.

"మోసమని అన్నెందుకు గాదు పాపా" అన్నాడు. "ఆడనే నిలబడి ఉండె గదా. రొండు చేతులు చాపేది అంత బరువైపాయనా ఆయప్పకు?"

మరునాడు కాగితం చావిడిలో చదివాను. కరణం ముద్రను అటూ ఇటూ తిప్పి చూశాడు. పెద్దరెడ్డి తల గోక్కున్నాడు. "పోయినోళ్ళ మాట ఇప్పుడెందుకులే పాపా" అన్నాడు. కాసేపాగి, "నా బావికి మోకు శానా పాతదైపాయ. మీ నాయనను ఒకటి పేనమను" అన్నాడు. తప్పయిపోయింది అన్న ఒక్క మాట అనమని మా నాయనకు సలహా ఇచ్చిన మనిషికి ఆ మాట తన నోట్లోకి రాలేదు.

నాయన కొక్కెం గోడ నుంచి దించాడు. కళ్ళు సరిగ్గా కనబడకపోయినా వేళ్ళతో తడుముకుంటూ ఎనిమిది రోజులు పేనాడు. నా కోపం కొంచెం దిగినట్టే ఉండింది. మోకు సిద్ధమైందని కబురు పంపితే మధ్యాహ్నం రెడ్డి జీతగాడు వచ్చి ఇంటి ముందు నిలబడ్డాడు.

"రెడ్డి నన్ను పొమ్మన్న్యాడు, కొలుచుకోని రమ్మని" అన్నాడు చేతులు చాపుతూ.

నాయన తాడు కొస వెనక్కి లాక్కున్నాడు.

"బావి నీదేనా అప్పా?"

"రెడ్డిది."

"అట్లయితే రెడ్డినే రమ్మను. ఇంగ ఒకరికి బదులు ఒకరిని కొలిచేది లేదు."

రెడ్డి రాలేదు. నాయన కూడా మళ్ళీ కబురు పంపలేదు. ఆ మోకు ఒక్క ముడి కూడా లేకుండా మా ఇంటి గోడ గూటానికి వేలాడుతూనే ఉంది. ఎవరి బావికి కావాలో వాళ్ళే వచ్చి చేతులు చాపితే ఇచ్చేస్తాము.